పీకేయమనడం నిర్లక్ష్యం కాదు: దళితవాడల్లో పుచ్చు పన్నును ఎలా అర్థం చేసుకుంటారు?

“పీకేయండి సార్.”

తిరుపతి, చిత్తూరు వైపు ఏ పంటి ఓపీ దగ్గర కాసేపు కూర్చున్నా ఈ మాట వినపడుతుంది. చెంపకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, రాత్రంతా నిద్రలేక ఎర్రబడిన కళ్లతో వచ్చిన మనిషి అడిగేది ఒక్కటే. ఆ పన్ను తీసేయాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి, రేపు పనికి పోవాలి. అవతలి నుంచి వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండావు?”

ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. రోగికి తెలియదు, శ్రద్ధ లేదు, శుభ్రత లేదు. దీనికి చదువుకున్నవాళ్లు పెట్టిన పేరు ‘అవగాహనా లోపం’. ఆ కుర్చీలో కూర్చున్నది దళితులైతే, లోపం ఒక మనిషి నుంచి ఒక కులానికి పాకడానికి ఎంతోసేపు పట్టదు.

పుచ్చు పన్ను గురించి మన వాడల్లో ఉన్న అవగాహనకు ఒక తర్కం ఉంది. అందులో కొంత ఒప్పు, కొంత తప్పు. తప్పు ఉన్నచోట మనం దిద్దుకోవాల్సిందే. అయితే మనవాళ్లు పళ్లు పోగొట్టుకోవడానికి ఆ తప్పులే అసలు కారణమని చెప్పడం సరికాదు. కూలి, దూరం, వైద్యం అందే తీరు, నోటి చుట్టూ కులం గీసిన గీత, ఇవన్నీ కలిసి ‘పీకేయండి’ అనే మాటను తయారుచేస్తాయి. ఈ వ్యాసంలో మేము ఆ మాటను విప్పి చూడదలచుకున్నాం.

పుచ్చు, పిప్పి, పురుగు

రోగి తన జబ్బును ఏ పేరుతో పిలుస్తారో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1970ల చివర్లో డాక్టర్లకు కొన్ని ప్రశ్నలు సూచించాడు. మీ బాధను మీరేమని పిలుస్తారు, ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, అది ఇప్పుడే ఎందుకు మొదలైంది, దీనివల్ల మీకు ఎక్కువ భయం కలిగించేది ఏది అని రోగిని అడగమన్నాడు. ప్రతి రోగి దగ్గరా తన జబ్బు గురించి ఒక వివరణ ఉంటుందని, అది తెలియకుండా చేసే వైద్యం సగమేనని ఆయన వాదన.

ఆ ప్రశ్నలు మన దగ్గర వేసుకుంటే వచ్చే మాటలు ఇవి: పుచ్చు పన్ను, పుప్పి పన్ను, పిప్పి పన్ను, పురుగు పట్టిన పన్ను. మేము వీటిని ఎక్కడో సేకరించలేదు, ఇంట్లో వింటూ పెరిగాం. పుచ్చిన వంకాయ, పుచ్చిన శెనక్కాయ, పుచ్చిన పన్ను. మూడింటికీ మాట ఒకటే. పైకి బాగానే కనపడి లోపల తొలిచేసి ఉండేది పుచ్చు. గానుగలో రసమంతా పిండేశాక మిగిలేది చెరకు పిప్పి. సారం పోయి పొట్టు మిగిలిన పన్నుకూ ఆ పేరే పెట్టారు. ఇది పొలంలో పనిచేసేవాళ్లు తమకు తెలిసిన లోకంలోంచి తీసిన పోలిక. లోపలి నుంచి గుల్లబారడం అనే విషయంలో ఆ పోలిక సరైనదే.

నొప్పికి కూడా మన దగ్గర ఒక్క మాట లేదు. చల్లనీళ్లు తగిలితే ‘జివ్వుమంటుంది’. తీపి తగిలితే ‘లాగుతుంది’. ఆ తర్వాత ‘పోటు’. రాత్రిపూట ‘సలుపు’. చివరికి ‘దవడ వాపు’. వైద్యం నేర్చినవాళ్లు ఈ మాటలను జాగ్రత్తగా వింటే పన్ను ఏ దశలో ఉందో ఎక్స్‌రే తీయకముందే సగం తెలుస్తుంది. ఎలాగో ముందు చెబుతాం.

పురుగు ఎక్కడి నుంచి వచ్చింది?

పంట్లో పురుగు ఉంటుందన్న మాటను పల్లె జనం మూఢనమ్మకంగా చూపించి నవ్వడం చాలా తేలిక. దాని చరిత్ర చూస్తే నవ్వు ఆగుతుంది. ప్రాచీన బాబిలోనియా మట్టి పలకల మీద పంటి పురుగును వెళ్లగొట్టే మంత్రం ఉంది. అందులో పురుగు తినడానికి పళ్లు, కాయలు వద్దని, మనిషి పంటి మధ్య చోటిమ్మని దేవుళ్లను అడుగుతుంది. సుశ్రుత సంహితలోని దంతరోగాల్లో ఒకదాని పేరు ‘కృమిదంతకం’. యూరప్ వైద్యులు కూడా శతాబ్దాల పాటు పురుగునే నమ్మారు. ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728లో వేసిన పుస్తకంలో, తాను వెతికినా అలాంటి పురుగు కనపడలేదని రాసి ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. పన్ను ఎలా పుచ్చుతుందో ఇప్పటి సైన్సుకు దగ్గరగా చెప్పినవాడు డబ్ల్యూ.డి. మిల్లర్. నోట్లోని సూక్ష్మజీవులు పిండి, చక్కెర పదార్థాలను పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయని, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందని 1890లో రాశాడు. ఆ సూక్ష్మజీవుల్లో ముఖ్యమైన ‘స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్’ను 1924లో జె.కె. క్లార్క్ గుర్తించాడు.

అంటే, రాజ్యాలు, విశ్వవిద్యాలయాలు ఉన్నవాళ్లు కూడా వేల ఏళ్లు నమ్మిన మాటనే మన అవ్వలు నమ్మారు. సైన్సు ఆ మాటను దిద్దుకుని నూటముప్పై ఏళ్లు దాటింది. ఆ దిద్దుబాటు వాడ దాకా రాకపోతే తప్పు ఎవరిది?

పురుగు కంటితో చూశామని చెప్పే పెద్దవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నేలవాకుడు విత్తనాలను నిప్పుల మీద వేసి, ఆ పొగను గొట్టంతో నోట్లోకి పట్టించే వైద్యం మన ప్రాంతంలోనూ దేశంలో చాలాచోట్లా ఉంది. పొగ పట్టాక తెల్లటి సన్నని పురుగుల్లాంటివి రాలతాయి. అవి వేడికి పగిలిన విత్తనాల్లోంచి బయటపడిన మొలకలు. యూరప్‌లో ఇదే పని వేరే మొక్క విత్తనాలతో చేసేవాళ్లు, అక్కడా ఇవే ‘పురుగులు’ రాలేవి. కళ్లు చూసింది నిజమే, దానికి చెప్పిన అర్థమే తప్పు.

పంటిలో జరిగేది ఇదీ

పన్ను మీద పేరుకునే జిగట పొరలో సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తీపి తిన్న ప్రతిసారీ అవి చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. కొంతసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి నింపుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా తీపి పడుతూ ఉంటే లాలాజలానికి ఆ వ్యవధి దొరకదు. కరగడం ఎక్కువై, నిండడం తక్కువవుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్న దానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యం.

ఇక్కడే రోగి అనుభవానికీ జబ్బు నడకకూ తేడా వస్తుంది. ఎనామిల్‌లో నరాలు లేవు. అది కరుగుతున్నంతకాలం నొప్పి ఉండదు. సున్నపు చుక్కలాంటి తెల్ల మచ్చ, తర్వాత గోధుమరంగు గీత, ఆ తర్వాత చిన్న గుంట. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. చిన్న సిమెంటుతో పని అయిపోయే దశ ఇదే. నొప్పే లేనప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలని ఎవరికి తోస్తుంది?

పుచ్చు ఎనామిల్ దాటి లోపలి పొరలోకి దిగినప్పుడు జివ్వుమనడం, లాగడం మొదలవుతాయి. ఇప్పటికీ సిమెంటుతో పన్ను నిలుస్తుంది. ఇంకా దిగి పంటి మధ్యలోని నరాల గుజ్జును తాకితే పోటు, సలుపు. గుజ్జు వాచినా చుట్టూ ఉన్నది గట్టి గోడ, వాపు సాగడానికి చోటు లేదు. అందుకే ఆ నొప్పి అంత ఘోరంగా ఉంటుంది. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి రాత్రి మరింత సలుపుతుంది. ఈ దశలో పన్ను నిలవాలంటే రూట్ కెనాల్ చేయాలి.

ఆ తర్వాత జరిగేదే అందరినీ మోసం చేస్తుంది. కొన్నాళ్లకు ఆ గుజ్జు చచ్చిపోతుంది. నరం చచ్చాక పోటు ఆగిపోతుంది. ‘లవంగం పెట్టినాను, పోయింది’, ‘అంగట్లో మాత్ర వేసుకున్నా, తగ్గిపోయింది’ అంటాం. నిజానికి జబ్బు అప్పుడే వేరు కిందికి, దవడ ఎముకలోకి దిగుతోంది. నెలల తర్వాత చిగురు మీద చీము గుల్లగానో, దవడ వాపుగానో బయటపడుతుంది.

నొప్పి ఉంటే జబ్బు, పోతే నయం. ఒళ్లు నొప్పులకు, జ్వరానికి పనికొచ్చే ఈ లెక్క పంటి విషయంలో తిరగబడుతుంది. కార్యకర్తలు వాడల్లో చెప్పాల్సిన మొదటి మాట ఇదేనని మా అభిప్రాయం: మందు లేకుండా పోటు దానంతట అదే పోయిన పన్ను బాగుపడినట్టు కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. దవడ కింద, నాలుక కింద వాపు వచ్చి, జ్వరంతో పాటు నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా అది ప్రాణం మీదికి వచ్చినట్టే. అలాంటప్పుడు మాత్రలతో ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంటి వైద్యంలో ఏది ఎంత?

లవంగ నూనెలోని యూజినాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు వాడే కొన్ని తాత్కాలిక సిమెంట్లలోనూ అదే ఉంటుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు చిగుళ్లకు ఊరటనిస్తాయి. ఇవి నొప్పిని ఆపగలవు, పుచ్చును ఆపలేవు. జిల్లేడు పాలు పెడితే నోటి చర్మం కాలుతుంది. పొగాకు, ముక్కుపొడి అదమడం వల్ల మొద్దుబారినట్టు అనిపించినా అలవాటు మిగులుతుంది, నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. పళ్లపొడుల్లో, టూత్‌పేస్టుల్లో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. వాపు వచ్చినప్పుడల్లా అంగట్లో యాంటీబయాటిక్ కొనుక్కుంటే వాపు తగ్గుతుంది కానీ మూలం పంట్లోనే ఉంటుంది.

‘పై పన్ను పీకిస్తే కన్ను పోతుంది’ అన్న భయం కూడా బలమైనదే. పై పళ్లకూ, కంటి చుట్టూ ఉన్న చోటుకూ స్పర్శనిచ్చే నరాలు ఒకే పెద్ద నరం కొమ్మలు. అందుకే పై దవడ పన్ను సలిపితే కణతలు, కంటి వెనక కూడా నొప్పి పుడుతుంది. చూపునిచ్చే నరం వేరు, దానికి పంటితో సంబంధం లేదు. పన్ను తీసినందుకు చూపు పోదు.

‘పాలపళ్లే కదా, ఎట్లా ఊడిపోతాయి’ అన్న మాట పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తోంది. ఆరేళ్లకు పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక దవడ పన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఏదీ ఊడలేదు కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుంటాం. అది పుచ్చినా ‘ఇంకోటి వస్తుందిలే’ అని ఊరుకుంటాం. ఆ చోట ఇంకోటి రాదు.

పళ్ల మీద గోధుమరంగు మరకలన్నీ పుచ్చు కావు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైన ఊళ్లలో చిన్నప్పటి నుంచే పళ్లకు గార పడుతుంది. మన పక్కనున్న నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లోనే రాశారు. అది నీళ్లు చేసిన మరక, దాన్ని మనిషి మురికిగా లెక్కగట్టడం అన్యాయం.

పీకించుకోవడం వెనక ఉన్న లెక్క

ఇప్పుడు ఆ కుర్చీ దగ్గరికి మళ్లీ వెళ్దాం. డాక్టరు రెండు దారులు చూపిస్తాడు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలుస్తుంది. ప్రైవేటులో దానికి వేల రూపాయలు, సాధారణంగా రెండు మూడుసార్లు తిరగాలి. పీకితే ఒక్కరోజులో అయిపోతుంది, ఖర్చు వందల్లో, ప్రభుత్వ ఆసుపత్రిలో దాదాపు ఉచితం.

2025–26కు ఆంధ్రప్రదేశ్‌లో ప్రకటించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మూడుసార్లు తిరిగితే మూడు రోజుల కూలి, 921 రూపాయలు, డాక్టరు ఫీజు కాకుండానే పోతాయి. బస్సు చార్జీలు వేరు. చెరకు నరికే రోజుల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే రెండు మూడు నెలల్లో ఒక్కరోజు మానితే మేస్త్రీ ఆ చోట వేరేవాళ్లను పెట్టుకుంటాడు. ఈ లెక్క ముందు పెట్టుకుంటే పీకించుకోవడమే తెలివైన నిర్ణయంగా కనిపిస్తుంది.

మా అమ్మ చెరకు కూలికి పోయేది. యాభై దాటేసరికి ఆమెకు నమిలే పళ్లు లేవు. పోటు, మాత్ర, తగ్గడం, మళ్లీ పోటు, పీకించుకోవడం. ప్రతి పన్నుకూ ఇదే వరస. పన్ను నిలబెట్టుకోవచ్చని ఆమెతో ఒక్క ఆసుపత్రిలో కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమె నిర్ణయం మారేది కాదేమో. అయినా చెప్పకపోవడం వేరే సంగతి. ‘వీళ్లు ఎట్లా చేయించుకోలేరులే’ అని ముందే తీర్మానించుకుని రెండో దారి చూపించకపోతే, ఆ ఎంపిక రోగిది అనలేం.

రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు రెండే, విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లాను విడగొట్టాక ఏర్పడిన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక్కటీ లేదు. తిరుపతి నుంచి కడప దాదాపు 140 కిలోమీటర్లు. చిత్తూరువాళ్లు పెద్ద జబ్బులకు రాయవేలూరు సీఎంసీకి పోతారు, ఒక పన్ను కోసం ఎవరు పోతారు? పీహెచ్‌సీలో సాధారణంగా పంటి డాక్టరు ఉండరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చి చేసే ఆపరేషన్లు, పెద్ద చికిత్సల చుట్టూ కట్టిన పథకం. దవడ విరిగితే దారి ఉంటుంది, పన్ను పుచ్చితే సొంత డబ్బే. గుండె ఆపరేషన్‌కు కార్డు పనికొచ్చి, పంటికి పనికిరాకపోతే పన్ను అంత ముఖ్యం కాదని ప్రభుత్వమే మనకు నేర్పినట్టు.

ఇది కొద్దిమంది సమస్య కాదు. భారత దంతవైద్య మండలి 2002–03లో చేసిన జాతీయ సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో దాదాపు సగం మందికి, 35–44 ఏళ్లవాళ్లలో 80 శాతం మందికి పుచ్చు పళ్లు కనిపించాయి. పుచ్చు అన్ని కులాల్లోనూ ఉంది. పుచ్చిన పన్ను ఎవరి నోట్లో నిలుస్తుంది, ఎవరి నోట్లోంచి పోతుంది అన్నచోట కులం, కూలి పనిచేస్తాయి.

నోరు, ఎంగిలి, అంటు

మిగతా వైద్యాలకూ పంటి వైద్యానికీ ఒక తేడా ఉంది. ఇక్కడ డాక్టరు రోగి నోట్లో వేళ్లు పెట్టాలి, ఎంగిలి తగలకుండా పని జరగదు. కుల వ్యవస్థ అంటరానితనాన్ని ఎక్కువగా కాపలా కాసిన చోటు కూడా నోరే. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నోటి చుట్టూ గీసిన గీత. దోసిట్లో పైనుంచి నీళ్లు పోయడం నోటి చుట్టూ గీసిన గీత. మన ఊళ్ల పేర్ల పక్కన హెచ్.డబ్ల్యూ., ఏ.ఏ.డబ్ల్యూ. అని రికార్డుల్లో ఇప్పటికీ రాసి ఉంటుంది. ఓపీ చీటీ మీద ఆ చిరునామా కనపడగానే గొంతు మారడం, ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ కావడం మనలో చాలామందికి తెలిసిన అనుభవమే.

అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో కాఠియావాడ్‌కు చెందిన ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరం గురించి రాశారు. ఆ ఉత్తరం 1929 డిసెంబరు 12 ‘యంగ్ ఇండియా’లో వచ్చింది. బాలింత అయిన భార్యకు జబ్బు చేస్తే, డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెను వాడ బయటికి తీసుకొచ్చారు. థర్మామీటర్‌ను డాక్టరు ఒక ముస్లిం చేతికి, ఆయన భర్త చేతికి, భర్త భార్యకు ఇచ్చారు. తిరిగి అదే వరసలో డాక్టరు చేతికి వచ్చింది. ఆమె బతకలేదు. థర్మామీటర్ పెట్టాల్సింది నోట్లోనే.

ఇప్పుడు గ్లౌజులు ఉన్నాయి, అవి అందరి మేలు కోసం. చేతులు కలవని ఆ పాత వైద్యం ఈ రోజు అలాగే లేదు. కానీ దాని జ్ఞాపకం రోగి వైపు మిగిలింది. నోరు తెరిస్తే ఏమంటారో అన్న బెరుకు, పళ్లు చూసి ముఖం చిట్లిస్తారేమో అన్న సిగ్గు, తిండి గురించి ఎత్తిపొడుస్తారేమో అన్న భయం. ఇవి ఉన్నవాళ్లు నొప్పి భరించలేని రోజు దాకా ఆగుతారు. ఆ ఆగడాన్నే ‘నిర్లక్ష్యం’ అని రాసుకుంటున్నారు.

ఇక్కడ చట్టం మన పక్కన ఉంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 5వ సెక్షన్, అంటరానితనం కారణంగా ఆసుపత్రిలో చేర్చుకోకపోవడాన్ని, చేర్చుకున్నాక వివక్ష చూపడాన్ని నేరంగా చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ ఆసుపత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లకుండా అడ్డుకోవడాన్ని నేరాల జాబితాలో చేర్చింది. గొంతు మారడాన్ని ఈ సెక్షన్లతో పట్టుకోవడం కష్టం. బయటే నిలబెట్టడాన్ని, చూడననడాన్ని పట్టుకోవచ్చు.

సంగటి నుంచి బిస్కెట్ దాకా

మన సీమలో రాగిసంగటి, ఊరిబిండి, శెనక్కాయల చట్నీ తిని పెరిగిన తరానికి రోజంతా తీపి దొరికేది కాదు. ఇప్పుడు ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం పిల్లల సద్ది అయింది. పనిచోట కడుపు నింపేది టీ, అందులోని చక్కెర. చీకటితోనే వీధులు ఊడవడానికి దిగే పారిశుద్ధ్య కార్మికులకు పొద్దెక్కేదాకా టీయే తిండి. బెల్లం మంచిదేనన్న మాట మన చెరకు జిల్లాలో బలంగా ఉంది. పంటి వరకు బెల్లమూ చక్కెరే, పైగా అంటుకుని ఉంటుంది. రోజువారీ శక్తిలో చక్కెరల వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆకలిని టీతో చంపుకునే మనిషికి ఈ సలహా ఇచ్చేముందు పనిచోట తిండి ఎక్కడ దొరుకుతుందో కూడా అడగాలి. బడిలో ఇచ్చే చిక్కీని కూడా మేము తప్పుపట్టడం లేదు. పిల్లలకు ఆ బలం కావాలి. తిన్నాక నీళ్లు పుక్కిలించే అలవాటు చేస్తే చాలు.

వేపపుల్ల, కానుగపుల్ల సరిగా నమిలి తోమితే పంటి మీది పొర పోతుంది. బొగ్గు, ఇటుకపొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పుచ్చును అడ్డుకునే గుణం మాత్రం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుదే. మూలికల పేరుతో అమ్మే చాలా పేస్టుల్లో అది ఉండదు, డబ్బా మీద సోడియం ఫ్లోరైడ్ అనో, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనో ఉందేమో చూడాలి. చిన్నపిల్లలకు కొంచెమే పెట్టి, ఉమ్మించాలి. టూత్‌పేస్టు మీద 2025 సెప్టెంబరు 22 దాకా 18 శాతం జీఎస్టీ ఉండేది, ఆ రోజు నుంచి 5 శాతానికి తగ్గింది. సంక్షేమ హాస్టల్ పిల్లలకు పేస్టు, సబ్బు కొనుక్కోవడానికి ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు నెలల తరబడి రాకపోతే, ఆ నెలలు పిల్లల పళ్ల మీద కనపడతాయి.

మనం అడగాల్సినవి

పుచ్చును తొలిదశలో ఆపడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డ్రిల్లు లేకుండా చేతి పరికరాలతో పుచ్చును తీసి సిమెంటు నింపే పద్ధతి 1980లలో టాంజానియాలో మొదలైంది. కరెంటు లేని పల్లెలో కూడా చేయగలిగిన పని ఇది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ చుక్క పుచ్చు మీద రాస్తే చాలా వరకు అక్కడికే ఆగుతుంది, ఆ చోటు నల్లబడుతుంది, అది ముందే చెప్పి చేయాలి. ఫ్లోరైడ్ పేస్టునూ, ఈ మందునూ, గ్లాస్ అయనోమర్ సిమెంటునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీ, ప్రభుత్వ బడి పిల్లలకు చేయాల్సిన పరీక్షల్లో పంటి జబ్బులు కూడా ఉన్నాయి. మన వాడ అంగన్‌వాడీలో, బడిలో, హాస్టల్లో ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది, పుచ్చు కనిపించిన పిల్లలను ఎక్కడికి పంపారు అన్న రెండు ప్రశ్నలతో ఏ విద్యార్థి సంఘమైనా పని మొదలుపెట్టవచ్చు. కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. సిమెంటు, రూట్ కెనాల్‌లను ప్రభుత్వ బీమాలో చేర్చాలని, వారానికి ఒక్కరోజైనా పీహెచ్‌సీకి పంటి డాక్టరు రావాలని, కూలి పోకుండా సాయంత్రం ఓపీ ఉండాలని అడగాలి. ఈ రెండు జిల్లాల్లో ఒక ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలని కూడా అడగాలి.

దంతవైద్యం చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. రోగి ‘పీకేయండి’ అన్నప్పుడు ‘ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండారు’ అనే బదులు ‘పోటు ఎప్పుడు మొదలైందక్కా, మధ్యలో ఎప్పుడైనా ఆగిందా, ఎన్నిసార్లు రాగలరు’ అని అడగండి. రెండు దారులూ, రెండింటి ఖర్చూ చెప్పండి. ఆ తర్వాత కూడా ఆమె పీకించుకుంటానంటే అది ఆమె నిర్ణయం. కేసు షీటులో కారణం రాయాల్సిన చోట నిర్లక్ష్యం అని కాకుండా, ఆమె చెప్పింది రాయండి.